ఎవరూ రాకముందు పోసిన చాయ్

గురువారం వచ్చిందంటే దవాఖానా గుమ్మం దగ్గర జరిగే తోపులాట దస్తగిరికి నచ్చేది కాదు.

ఆ దవాఖానా ఉన్న దర్గా ఒక కొండ కింద ఉంది. బస్సెక్కి కాస్త ఇటు పోతే కర్ణాటక, కాస్త అటు పోతే తమిళనాడు. ప్రతి గురువారం టౌను నుంచి డాక్టర్లు వచ్చి దర్గా దవాఖానాలో ఉచితంగా చూస్తారు. ఆ రోజు తెలుగువాళ్ళు, తమిళులు, కన్నడిగులు, ఉర్దూ తప్ప ఇంకో మాట రానివాళ్ళు, అందరూ ఒకే కిటికీ ముందు చేరేవారు. చీటీలు రాసేవాడు లోపల్నుంచి ఒక భాషలో అరిచేవాడు. బయటివాళ్ళు ఇంకో భాషలో అరిచేవారు. పంటినొప్పితో వచ్చిన మనిషి చర్మం డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చునేవాడు.

దస్తగిరి బెంగుళూరులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు. దర్గా పెద్ద మదార్ హజరత్‌ని చూడ్డానికి ఒకసారి వచ్చి, మళ్ళీ వచ్చి, చివరికి ఉద్యోగం మానేసి ఇక్కడే ఉండిపోయాడు. జపించుకోవడానికి తనకొక నామం ఇమ్మని హజరత్‌ని అడిగాడు.

"ముందు గుమ్మం చూసుకో నాయనా," అన్నారు హజరత్. "నామం ఎక్కడికీ పోదు."

దస్తగిరి తనకు తెలిసిన పద్ధతిలో గుమ్మం చూసుకున్నాడు. కిటికీ మూయించి, దాని ముందు ఒక స్టాండు మీద టాబ్లెట్ పెట్టించాడు. వేలితో తాకితే నాలుగు భాషల పేర్లు వస్తాయి. ఎవరి భాష వాళ్ళు ఎంచుకుంటే, పేరు, ఊరు, వయసు, అన్నీ ఆ భాషలోనే అడుగుతుంది. చివరి ప్రశ్న, బాధ ఎక్కడ అని. దాని మీద నొక్కితే ఒక జాబితా కిందికి జారుతుంది. డ్రాప్‌డౌన్. కళ్ళు, చెవులు, చర్మం, పళ్ళు, ఎముకలు. అందులో ఒకటి నొక్కితే చీటీ బయటికి వస్తుంది. ఆ చీటీ ఏ రంగుదో ఆ రంగు బెంచీ మీద కూర్చోవాలి.

ఆ మాటలన్నీ దస్తగిరే నాలుగు భాషల్లోకి మార్చాడు. తమిళం మాటల కోసం పూలమ్మే లాలెప్పని విసిగించాడు. లాలెప్ప హోసూరు మార్కెట్టు నుంచి చామంతులు తెచ్చి దర్గా మెట్ల దగ్గర అమ్ముతాడు. అతనికి తమిళం బాగా వచ్చు.

"ఒగ మాటకి ఎన్నిసార్లు అడుగుతావబ్బోడా?" అనేవాడు ముసలాయన. "నువ్వు దవాఖానా పెడతా ఉండావా, పెండ్లి మాటలు మాట్లాడతా ఉండావా?"

అన్నీ సిద్ధమయ్యాక దస్తగిరి హజరత్‌ని తీసుకొచ్చి చూపించాడు.

"ఇంక ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు హజరత్."

"అడగక్కర్లేదా?" అన్నారు హజరత్. కాసేపు ఆ తెర వంక చూసి, "మంచిది" అని వెళ్ళిపోయారు.

ఆయనకి తెల్లవారుజామునే వేరే పని ఉంటుంది. దర్గాలో రాత్రి పడుకున్నవాళ్ళందరికీ ఆయనే చాయ్ పోస్తారు. పాలచాయ్ కెటిల్ ఒకటి, పాలు లేనిది ఒకటి, చక్కెర డబ్బా ఒకటి ముందు పెట్టుకుని చాప మీద కూర్చుంటారు. మనిషి వచ్చి ఎదురుగా కూర్చుని కాళ్ళు సర్దుకునేదాకా కప్పు తీయరు. తీశాక, ఎట్లా పోయమంటావని అడుగుతారు. రోజూ వచ్చేవాణ్ణి కూడా రోజూ అడుగుతారు. లాలెప్ప రోజూ మూడు చెంచాల చక్కెర వేయించుకుని, నాలుగోది అడుగుతాడు. హజరత్ రోజూ నవ్వి అది కూడా వేస్తారు. అంతమందికి అలా పోసేసరికి ఎండ పైకొస్తుంది. దస్తగిరికి ఇది చాదస్తంగా ఉండేది. కప్పుల్లో ముందే పోసి పెడితే చిటికెలో పని.

టాబ్లెట్ పెట్టాక మూడో గురువారం, తిరువణ్ణామలై వైపు నుంచి ఒకామె కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆమె పేరు పూంగొడి. పాప పేరు మలర్. బడికి పోయే వయసు. కొన్నాళ్ళుగా పాపకి చెవులు కారుతున్నాయి, వినికిడి తగ్గిపోతోంది. పిలిస్తే పలకదు. తల్లి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటే, పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటుంది. జనంలో తప్పిపోతే పిలిచి ప్రయోజనం లేదు కనక పూంగొడి తన పైటకొంగు చివరని పాప గౌను నడుముపట్టీకి ముడేసి తిప్పుకుంటోంది.

ఆమె వరసలో నిలబడి, తన వంతు వచ్చాక తమిళం నొక్కింది. పేరు రాసింది, ఊరు రాసింది. చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. నొక్కింది, జాబితా జారింది. ఆమె దాని వంక చూస్తూ ఉండిపోయింది. వెనక వాళ్ళు గొణుగుతున్నారు. ఎవరో మోచేత్తో పొడిచారు. ఆమె అన్నిటికన్నా పైనున్న మాట మీద వేలు పెట్టేసింది. నీలం రంగు చీటీ వచ్చింది.

దస్తగిరి పక్కనే స్టూలు మీద కూర్చుని చీటీల కాగితం చుట్ట మారుస్తున్నాడు. ఆమెని చూశాడు. కానీ వరస ముందుకి కదిలిందా లేదా అని మాత్రమే చూసుకున్నాడు.

నీలం బెంచీ కళ్ళ డాక్టరుది. అక్కడ ఆయా ఒకామె బెంచీ ఈ కొసనుంచి ఆ కొసదాకా వచ్చి, కూర్చున్నవాళ్ళందరి కళ్ళల్లో చుక్కలు వేసి, మూసుకోమని చెప్పి పోతుంది. మలర్ కళ్ళల్లో కూడా వేసింది. పూంగొడి ఏదో అనబోయింది. ఇది కూడా చూసే పద్ధతేమో, చెవికీ కంటికీ లోపల ఏమన్నా సంబంధం ఉందేమో అనుకుని ఊరుకుంది.

కాసేపటికి పాపకి దగ్గరివన్నీ మసకబారాయి. వెలుతురు గుచ్చుకోసాగింది. అమ్మ మొహం ఉంది, దాని మీద పెదాలు కదలడం కనపడ్డం లేదు. అప్పుడు పెట్టింది ఏడుపు. బెంచీ మీదివాళ్ళంతా లేచి నిలబడ్డారు.

కళ్ళ డాక్టరు వచ్చి చూసి, లాలెప్పని పిలిపించి సంగతి కనుక్కుని, తల పట్టుకున్నాడు. రేపటికి తగ్గిపోతుంది, ప్రమాదం లేదు అని చెప్పాడు. చెవుల డాక్టరు అప్పటికే కారెక్కి వెళ్ళిపోయాడు.

పూంగొడి పాపని చంకనేసుకుని టాబ్లెట్ దగ్గరికి వచ్చింది. దస్తగిరికి చీటీ చూపించి గబగబా తమిళంలో ఏదో అంది. అతను టాబ్లెట్‌లో వెతికాడు.

"మీరే కళ్ళు అని నొక్కారు కదమ్మా," అన్నాడు. ఆమె ఇంకా మాట్లాడుతోంది. చుట్టూ జనం. ఇంత కష్టపడి చేసిన పని మీద మొదటి నెలలోనే మాట పడటం అతనికి నచ్చలేదు. గొంతు పెంచాడు. "చదవడం రాకపోతే పక్కవాళ్ళని అడగాలి. తోచింది నొక్కేసి మా మీదికి వస్తే ఎట్లా? లాలెప్పతాతా, చెప్పు ఆమెకి."

లాలెప్ప ఇబ్బందిగా చూశాడు. "పోనీలేబ్బోడా."

"చెప్పు తాతా. తెలియాలి కదా."

"పడిక్క తెరియాదామ్మా?" అన్నాడు ముసలాయన మెల్లగా. చదవడం రాదా తల్లీ అని.

వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పూంగొడి నోరు మూసుకుంది. చేతిలో చీటీని మడిచింది, ఇంకా చిన్నగా మడిచింది. తర్వాత తల ఊపింది. అవును, రాదు అన్నట్టుగానే ఊపింది.

హజరత్ వచ్చేసరికి జనం పలచబడ్డారు. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. పాప కళ్ళమీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఎండ తగలకుండా ఆడవాళ్ళ గదిదాకా నడిపించారు. తన భుజం మీది శాలువా తీసి ఆ గది కిటికీకి కట్టించారు. తర్వాత చెవుల డాక్టరుకి ఫోన్ చేశారు. శుక్రవారం పొద్దున పదింటికి వచ్చి ఈ ఒక్క పాపనీ చూసి పోతానని ఆయన ఒప్పుకున్నాడు. లాలెప్ప ఆ మాట పూంగొడికి చెప్పాడు. ఆమె విన్నది. ఉంటాననీ అనలేదు, ఉండననీ అనలేదు.

పొద్దు వాలుతుండగా దస్తగిరి ఆ గది ముందు నుంచి పోతున్నాడు. వసారాలో గోడకి ఆనుకుని తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. పాప కళ్ళు మూసుకుని ఉంది. ఒక చెయ్యి తల్లి ఒళ్ళో వెల్లకిలా పెట్టింది. పూంగొడి ఆ అరచేతిలో చూపుడువేలితో ఏదో గీస్తోంది. గీయడం ఆపగానే పాప ఒక మాట అంది. తల్లి ఆ చేతిని ముద్దు పెట్టుకుంది. మళ్ళీ గీసింది. ఈసారి పాప తప్పు చెప్పినట్టుంది. తల్లి అరచేతిని తుడిచేసి, మెల్లగా, పెద్దగా మళ్ళీ గీసింది.

అవి అక్షరాలని తెలుసుకోవడానికి దస్తగిరికి కాస్త సమయం పట్టింది.

వినికిడి పోతోందని ఆమె ముందే అక్షరాలు నేర్పించి పెట్టుకుంది. పెదాలు కనపడని ఈ సాయంత్రం ఆ అక్షరాలతోనే కూతురితో మాట్లాడుతోంది.

అతను అక్కడినుంచి నేరుగా టాబ్లెట్ దగ్గరికి నడిచాడు. తమిళం నొక్కాడు. ప్రశ్నలన్నీ తమిళంలో వచ్చాయి. చివరిదాని మీద నొక్కాడు. జాబితా జారింది.

కళ్ళు. చెవులు. చర్మం. పళ్ళు. ఎముకలు. అన్నీ తెలుగులో.

కన్నడం నొక్కి చూశాడు. తెలుగు. ఉర్దూ నొక్కి చూశాడు. తెలుగు.

ఈ వారం నుంచి కాదు, పెట్టినప్పటినుంచీ ఇలాగే ఉంది. ఎంతమంది తోచింది నొక్కి ఏ బెంచీ మీద కూర్చుని వెళ్ళారో తెలియదు. ఒక్కరు కూడా వచ్చి అడగలేదు. అడగడానికి వచ్చింది ఈమె ఒక్కతే.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. అదే అతన్ని ఇంకా సిగ్గుపడేలా చేసింది. దిద్దడానికి కూడా ఒక్క మాట మార్చితే సరిపోయింది.

హజరత్ సాయంత్రం నమాజు ముగించుకుని చాప మీదే కూర్చుని ఉన్నారు. దస్తగిరి దూరంగా నిలబడ్డాడు.

"దగ్గరికి రా."

"తప్పు నాది హజరత్. ఆ తల్లిది కాదు. ఆమెకి చదవడం వచ్చు. నా జాబితానే ఆమె భాషలో లేదు."

"నాలుగు భాషలు పెట్టానన్నావు?"

"పెట్టాను. పైనున్న ప్రశ్నలు మనిషి వచ్చి భాష ఎంచుకున్నాక ఆ భాషలోకి మారతాయి. కిందికి జారే ఆ మాటల్ని మాత్రం, ఆలస్యం కాకుండా ఉంటుందని, ప్రోగ్రాము మొదలుపెట్టినప్పుడే మార్చి ఉంచేలా రాశాను. అప్పుడు ఏ భాష ఉంటే ఆ భాషలో అవి గడ్డకట్టుకుపోతాయి. ఎవరొచ్చినా మళ్ళీ మారవు."

"అప్పుడంటే ఎప్పుడు?"

"పొద్దున్నే. తలుపులు తీయకముందు."

"అప్పుడు నీ ముందు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు హజరత్. నేనొక్కణ్ణే."

హజరత్ చేతిలోని తస్బీ పూసలు కాసేపు కదిలాయి.

"చూసుకోలేదా?"

"చూసుకున్నాను. తమిళం చూడాలంటే తమిళం పెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. కన్నడం చూడాలంటే కన్నడం పెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. ప్రతిసారీ సరిగ్గానే కనపడింది." అతను చాప దగ్గరికి ఇంకో అడుగు వేశాడు. "ఇప్పుడు దిద్దాను. మనిషి ముందుకొచ్చి అడిగేదాకా ఆ మాటలు ఏ భాషలోకీ మారవు. ఇప్పుడు సరిగ్గా ఉంది."

"ఎవరు చూశారు?"

"నేనే చూశాను."

"ఇన్నాళ్ళూ చూసింది కూడా నువ్వే కదా నాయనా."

దస్తగిరి టాబ్లెట్ ఉన్న వైపు తిరిగి చూశాడు.

"ఆ తల్లికి చెప్పావా?"

"లేదు. ఆ గది ముందుదాకా పోయి వెనక్కి వచ్చాను."

ఆయన తిడితే బాగుండుననిపించింది అతనికి. హజరత్ చాప మడిచి చంకలో పెట్టుకున్నారు.

"తెల్లారేసరికి చాయ్ దగ్గరికి రా," అన్నారు.

దస్తగిరి ఇంకా చీకటి ఉండగానే వెళ్ళాడు. అప్పటికే హజరత్ కప్పులన్నీ వరసగా పేర్చి పోసేస్తున్నారు. ఏ కెటిల్‌లోంచీ కాదు. తన చిన్న ముంతలోంచి. ఆయనకి చక్కెర జబ్బు. తన కోసం పాలూ చక్కెరా లేకుండా, శొంఠీ మిరియాలూ దంచి వేసి, నల్లగా మరిగించిన చాయ్ వేరే పెట్టుకుంటారు. ఈరోజు అది పెద్ద గిన్నె నిండా కాచి, ముంతతో ముంచి పోస్తున్నారు.

"ఇంకా ఎవరూ లేవలేదు హజరత్," అన్నాడు దస్తగిరి.

"వాళ్ళు లేచాక పోస్తే ఆలస్యం కాదూ?"

"ఇది మీ చాయ్ కదా."

"నాకు తెలిసిన రుచి ఇదే."

చివరి కప్పు కూడా నింపి, ముంత పక్కన పెట్టి, ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. కప్పుల్లోంచి పైకి లేస్తున్న ఆవిరి సన్నబడి, ఆగిపోయింది. చక్కెర డబ్బా మూతతో సహా అక్కడే, అందరికీ కనపడేలా ఉంది. పాలచాయ్ కెటిల్ పొయ్యి మీద ఉంది.

తెల్లవారాక జనం లేచి ఒక్కొక్కరే వచ్చారు. కూర్చోబోయినవాళ్ళకి హజరత్ చేత్తో కప్పుల వరస చూపించారు. ఎట్లా పోయమంటావని అడగలేదు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తలా ఒక కప్పు తీసుకున్నారు.

దస్తగిరి పక్కన నిలబడి చూస్తున్నాడు. ఒక పెద్దావిడ మొదటి గుక్కకే ఆగి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మిగతాది మింగేసింది. చంటిబిడ్డ తల్లి కప్పు అంచు బిడ్డ పెదాలకి తాకించి, బిడ్డ మొహం చిట్లించగానే గబుక్కున తనే తాగేసింది. ఒకతను కప్పుని చేతిలో తిప్పుతూ తిప్పుతూ, హజరత్ తన వైపు చూసేసరికి ఎత్తి తాగి, చేత్తో మూతి తుడుచుకుని నవ్వాడు.

ఎవరో ఒకరు చక్కెర అడుగుతారని దస్తగిరి ఎదురుచూశాడు. డబ్బా వంక చూసినవాళ్ళు ఉన్నారు. అడిగినవాళ్ళు లేరు.

లాలెప్ప పూలబుట్ట దించి వచ్చి కూర్చున్నాడు. కప్పు ఎత్తి సగం ఒక్కసారే పోసుకున్నాడు. బుగ్గలు నిండుగా అలాగే ఉండిపోయాయి. తర్వాత మింగాడు.

"ఎట్లా ఉంది లాలెప్పా?" అన్నారు హజరత్.

"మీ చేతి చాయ్ బాగుండక ఏం సామీ."

రోజూ నాలుగో చెంచా కోసం పోట్లాడే మనిషి. దస్తగిరి అతన్నే చూస్తున్నాడు. ముసలాయన మిగతాది కూడా తాగేసి, లేచి, బుట్ట ఎత్తుకోబోయి, దస్తగిరి పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు:

"అబ్బోడా, నా నుదురు చూడు. జరం ఏమన్నా తగిలినట్టుండాదా?"

"ఏం తాతా?"

"నోరంతా చేదు. ఆ సామి వేసిన చక్కెర నాకు తెలీకుండా పోయింది. వయసైపోయిందబ్బోడా. నాలుక పాడైపోయింది."

దస్తగిరి చెయ్యి ఆ నుదుటి మీద పెట్టాడు. చల్లగా ఉంది. తీయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. ఎదురుగా చాప మీద హజరత్ ఉన్నారు. ఆయన వైపు చూడటానికి తల లేవలేదు.

హజరత్ లేచారు. మిగిలిన కప్పుల్లోదంతా వేపమొక్క మొదట్లో పారబోశారు. ఒక్కొక్క కప్పూ కడిగి బోర్లించారు. పొయ్యి మీది పాలచాయ్ కెటిల్ దించి తెచ్చి దస్తగిరి చేతికిచ్చారు. చక్కెర డబ్బా లాలెప్పకి ఇచ్చారు.

"పట్టుకో లాలెప్పా. నీకు జరం లేదు."

అప్పుడే ఆడవాళ్ళ గది తలుపు తెరుచుకుంది. పూంగొడి సంచీ భుజానికి తగిలించుకుని బయటికి వచ్చింది. పాప కొంగుకి ముడేసి ఉంది, మొహం మీద చున్నీ కప్పి ఉంది. ఆమె ఎవరి వంకా చూడకుండా గేటు వైపు నడుస్తోంది. ఏడు గంటలకి తిరువణ్ణామలై బస్సు ఉంది.

దస్తగిరి రెండు కప్పులు అందుకుని కెటిల్‌తో పరుగెత్తాడు. గేటు దగ్గర ఆమెకి అడ్డంగా వెళ్ళాడు. ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్నాడు. ఒక్క మాటా గుర్తు రాలేదు.

"తప్పు ఎన్నోడదు," అన్నాడు. తప్పు నాది అని. లాలెప్పని విసిగించి నేర్చుకున్న మాటలు కలుపుకుని అంతే అనగలిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. లాలెప్ప ఆయాసపడుతూ వచ్చేసరికి ఆమె తమిళంలో మెల్లగా చెబుతోంది.

"ఏమంటోంది తాతా?"

"నీదేం తప్పు లేదంట. మిషను బాగానే ఉంటుందంట. ఇంతమంది నొక్కుతా ఉండారు కదా, నాకే తెలీలేదు అంటా ఉండాది." ముసలాయన ఆగాడు. "పాపకి నావల్లనే అట్ల అయిపోయిందని రాత్రంతా నిద్రపోలేదంట. పది గంటలదాకా ఉండమంటే, నిన్న నవ్వినోళ్ళ ముందర కూర్చోలేనంటాది."

దస్తగిరి కెటిల్ కింద పెట్టి, ఆ మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాప మొహం మీది చున్నీ కొద్దిగా జరిగింది. కళ్ళు చిట్లించి అతన్ని చూసింది. చుక్కల మందు దిగిపోయింది, కనపడుతోంది. అతను ఖాళీ కప్పు చూపించాడు. లాలెప్ప చేతిలోని డబ్బాలోంచి చెంచాతో చక్కెర తీసి, వేయనా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. పాప ఆలోచించింది. రెండు వేళ్ళు చూపించింది. అతను ఒకటి వేసి, రెండోది పట్టుకున్నాడు. పాప మూడో వేలు కూడా తెరిచింది.

"నా జాతి పిల్ల," అన్నాడు లాలెప్ప. దస్తగిరి మూడు చెంచాలూ వేసి, చాయ్ పోసి పాప చేతికిచ్చాడు.

పూంగొడి నవ్వలేదు. కానీ నడక ఆగింది. సంచీ భుజం మీదినుంచి దించి గేటు అరుగు మీద పెట్టింది. కూర్చుంది. ఆమె కూర్చుని కాళ్ళు సర్దుకునేదాకా దస్తగిరి ఆగాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ఆమె ఒక వేలు చూపించింది. ఒక చెంచా వేసి, పోశాడు.

కప్పు ఆమె చేతికిచ్చి దవాఖానా వైపు పరుగెత్తాడు. టాబ్లెట్‌ని స్టాండు నుంచి ఊడదీసి రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. ఆమె ముందు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని తన ఛాతీకి ఆనించుకుని, తెర ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. ఇప్పుడు దాని మీద ఏముందో అతనికి కనపడదు.

పూంగొడి వెనక్కి జరిగింది. "వేండాం," అంది. వద్దు.

అతను దించలేదు. పక్కన చాయ్ తాగినవాళ్ళు నలుగురైదుగురు చేరారు. వాళ్ళలో నిన్న నవ్వినవాళ్ళు ఉన్నారో లేదో తెలియదు. హజరత్ కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

చాలాసేపటికి ఆమె కప్పు పక్కన పెట్టింది. తడి వేలు కొంగుకి తుడుచుకోబోయి, కొంగు పాప నడుముకి ముడేసి ఉందని చూసి, ఆ ముడి విప్పింది. వేలు తుడుచుకుని తెర మీద పెట్టింది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. పేరు రాసింది, ఊరు రాసింది. చివరికి ఆమె వేలు ఒకచోట ఆగింది. నొక్కింది.

దస్తగిరికి ఆమె కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. అవి పైనుంచి కిందికి కదిలాయి. మళ్ళీ పైకి వెళ్ళాయి.

"నేత్తు ఇదు ఇల్లె," అంది.

"నిన్న ఇవి లేవంటా ఉండాది," అన్నాడు లాలెప్ప.

"లేవు," అన్నాడు దస్తగిరి. "నిన్న లేవు."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత తెర వంక తిరిగి, మొదటి మాట పైకి చదివింది. గొంతు చిన్నగా ఉంది. రెండోది చదివింది. తనకి కావలసినది అదే. వేలు పెడితే అయిపోతుంది. వేలు పెట్టలేదు. మూడోది చదివింది, నాలుగోది చదివింది. బడిలో లేచి నిలబడి చదివే పిల్లలా, ప్రతి మాటా విడిగా, వెనకున్నవాళ్ళకి వినపడేలా చదువుతోంది. పాప చాయ్ తాగడం ఆపి తల్లి పెదాల వంకే చూస్తోంది. ఆఖరిదాకా చదివి, పూంగొడి మళ్ళీ పైకి వెళ్ళి మొదటినుంచీ మొదలుపెట్టింది.

దస్తగిరి తెర కదలకుండా ఇంకా గట్టిగా పట్టుకుని, తల వంచుకున్నాడు.

"నొక్కాల్సింది ఒగటే కదా," అన్నాడు లాలెప్ప గుసగుసగా. "అన్నీ మళ్ళా చదువుతా ఉండాదేంది సామీ?"

"చదవనీ," అన్నారు హజరత్.